పెర్రీ మేసన్ నవలలు: ఇరవై రెండేళ్ళు సేకరించి చదివాక

అమెరికన్ రచయిత ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ రాసిన పెర్రీ మేసన్ డిటెక్టివ్ నవలలు మొత్తం 82. వాటిలో 71 నా బీరువాలో ఉన్నాయి. 2003లో సేకరించడం మొదలుపెట్టాను. కొన్నిటిని నాలుగైదుసార్లు చదివాను, కొన్నిటిని ఒకసారి చదివి మళ్ళీ ముట్టుకోలేదు. కొనాలనుకునేవాళ్ళకీ చదవాలనుకునేవాళ్ళకీ పనికొస్తుందని, ఇన్నేళ్ళలో నాకు తెలిసింది చెబుతున్నాను.

మొదటి పన్నెండు పుస్తకాలు నేను కొన్నవి కావు. మా నాన్న గుడివాడలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేసేవారు. ఆ ప్లీడరు గారు ప్రాక్టీసు మానేసి పిల్లల దగ్గరికి వెళ్ళిపోతూ లా రిపోర్టులు జూనియర్లకి పంచి, ఈ పన్నెండూ నాన్న చేతిలో పెట్టారు. నాన్నకి ఇంగ్లీషు చదవడం పట్టుబడింది వీటితోనే. డిక్షనరీ పక్కన పెట్టుకుని, తెలియని మాట కింద పెన్సిలుతో సన్నగా గీత గీసి, అంచున తెలుగులో అర్థం రాసేవారు. ‘అలిబి’ పక్కన ‘ఆ టైములో నేనక్కడ లేను అనడం’ అని ఉంటుంది. ఒక పుస్తకంలో పేజీకి పది గీతలుంటే ఇంకోదాంట్లో ఐదారు పేజీలకి ఒకటి. ఏ పుస్తకం ముందు చదివారో, ఏది తర్వాత చదివారో ఆ గీతల్ని బట్టే చెప్పేయొచ్చు. నాతో ఎప్పుడూ ఒకే మాట అనేవారు: “హంతకుడెవడో తెలుసుకోడానికి చదవకురా, క్రాస్ కోసం చదువు.”

ఈ సిరీస్ గురించి నేను చెప్పేదీ అదే. ఏ పుస్తకంలో ఎవరు ఎవర్ని చంపారో నాకు సగం గుర్తుండదు. క్రాస్ ఎగ్జామినేషన్, అంటే ఎదుటి పక్షం సాక్షిని లాయరు ప్రశ్నలతో నిలదీయడం, మాత్రం గుర్తుండిపోతుంది. అందుకే మళ్ళీ చదివినా విసుగు రాదు.

కథలన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో నడుస్తాయి. మేసన్ లాస్ ఏంజెలెస్‌లో లాయరు. ఎవరో ఒకరు చూడ్డానికి చిన్నదిగా కనిపించే విషయం పట్టుకుని ఆయన ఆఫీసుకొస్తారు. 1937లో వచ్చిన ‘లేమ్ కానరీ’నే తీసుకోండి. ఒకమ్మాయి పక్షి పంజరంతో వస్తుంది. ఆమె చెప్పేది కుటుంబ గొడవ, విడాకుల వ్యవహారం. అలాంటి కేసులంటే మేసన్‌కి ఆసక్తి లేదు, పంపించేద్దామనే చూస్తాడు. ఇంతలో పంజరంలోని కానరీ పిట్ట ఒక కాలితో కుంటడం కంట పడుతుంది. ఎవరో దాని గోళ్ళు మరీ లోపలికంటా కత్తిరించారు. ఎందుకు కత్తిరించారన్న ఒక్క ప్రశ్న కోసం కేసు తీసుకుంటాడు. 1934 నాటి ‘హౌలింగ్ డాగ్’లో వచ్చినవాడి ఫిర్యాదు పక్కింటి కుక్క ఏడుపు గురించి. ‘పెర్జ్యూర్డ్ పారట్’లో అయితే, చనిపోయిన మనిషి పక్కన దొరికిన చిలక అసలు ఆయన పెంచిన చిలకే కాదంటాడు కొడుకు. ఇలాంటి మొదలు పడితే పుస్తకం కింద పెట్టడం నా వల్ల కాదు.

తర్వాత హత్య, క్లయింటు అరెస్టు, ఆ క్లయింటు చెప్పినవాటిలో సగం అబద్ధాలని తేలడం. సెక్రటరీ డెల్లా స్ట్రీట్, డిటెక్టివ్ పాల్ డ్రేక్ రాత్రింబవళ్ళు తిరుగుతారు. డ్రేక్ లోపలికి రాగానే క్లయింట్ల కోసం వేసిన పెద్ద కుర్చీలో అడ్డంగా వాలి, కాళ్ళు కుర్చీ చేతి మీదుగా వేలాడేస్తాడు. ఏ పుస్తకం తీసినా ఆ కుర్చీ, ఆ కాళ్ళు ఉంటాయి. చదివి చదివి, ఆయన తలుపు తట్టగానే మన ఇంటి మనిషి వచ్చినట్టుంటుంది.

అసలు సరుకు కోర్టులో ఉంది. చాలా నవలల్లో కథ జ్యూరీ (తీర్పు చెప్పడానికి మామూలు జనంలోంచి ఎంచుకున్న బృందం) దాకా పోదు. ప్రిలిమినరీ హియరింగ్‌లోనే తేలిపోతుంది. ముద్దాయిని పెద్ద కోర్టులో విచారించడానికి తగినంత సాక్ష్యం ఉందా లేదా అని జడ్జి ముందుగా చూసే దశ అది. మన దగ్గర పెద్ద నేరాల కేసుని సెషన్స్ కోర్టుకి పంపే (కమిట్ చేసే) ముందు మేజిస్ట్రేటు కోర్టులో పి.ఆర్.సి. (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు పడుతుంది చూడండి, నాన్న దాంతో పోల్చి చెప్పేవారు. తేడా ఏమిటంటే అక్కడ సాక్షుల్ని బోనెక్కించి క్రాస్ చేస్తారు. జ్యూరీ ఎంపిక, సుదీర్ఘమైన ఉపన్యాసాలు ఉండవు కాబట్టి కథ ఎక్కడా ఆగదు. గార్డ్‌నర్ స్వయంగా లాయరు. లా కాలేజీలో పట్టుమని రెండు నెలలు కూడా చదవకుండా, సొంతంగా చదువుకుని 1911లో కాలిఫోర్నియా బార్‌లో చేరాడు. ఏ ప్రశ్నకి ఏ అభ్యంతరం వస్తుందో, జడ్జి ఎక్కడ విసుక్కుంటాడో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయన క్రాస్ ఎలా ఉంటుందో ఒక రకం చెబుతాను. రాత్రిపూట ఫలానా ఆమె ఆ ఇంట్లోంచి రావడం చూశానని సాక్షి గట్టిగా చెబుతాడు. సినిమాల్లో అయితే లాయరు బల్ల గుద్ది ‘నువ్వు అబద్ధం చెబుతున్నావు’ అని అరుస్తాడు. మేసన్ అరవడు. చాలా మర్యాదగా మొదలుపెడతాడు. ఆమెని పోలీసులు మీకెప్పుడు చూపించారు? వరుసలో నిలబెట్టా, ఒక్కదాన్నేనా? అంతకుముందు ఫొటో చూపించారా? ఎన్నిసార్లు? ఫొటో మొదటిసారి చూసినప్పుడు ఈమే అన్నారా, ఈమెలాగే ఉంది అన్నారా? ఒక్కో మెట్టూ దిగుతూ పోతే, చివరికి సాక్షి మనసులో ఉన్నది ఆ రాత్రి చూసిన మొహమా, పోలీస్ స్టేషన్‌లో చూసిన ఫొటోనా అన్నది అతనికే తెలియకుండా పోతుంది. అతను అబద్ధాలకోరు కాదు, నిజంగానే నమ్మి చెబుతున్నాడు. అక్కడే గార్డ్‌నర్ నాకు నచ్చుతాడు. మన కోర్టుల్లో ఐడెంటిఫికేషన్ పెరేడ్ (నిందితుణ్ణి కొంతమందిలో నిలబెట్టి సాక్షితో గుర్తుపట్టించడం) మీద వాదన జరిగినప్పుడూ ఈ ప్రశ్నే వస్తుంది, ముందుగా ఫొటో చూపించారా అని. ఏడెనిమిదేళ్ళ క్రితం నేను ఒక యాక్సిడెంట్ కేసులో సాక్షిగా బోనెక్కాల్సి వచ్చింది. ఎంత టెన్షన్ పడ్డానో. చూసినది ఎంతో, విన్నది ఎంతో, ఊహించుకున్నది ఎంతో ముందురాత్రి కూర్చుని విడదీసుకున్నాను. అది నాకు ఈ పుస్తకాలు నేర్పిన పని.

ఇక ఏవి కొనాలి? 82 నవలలూ ఒకే నాణ్యత కావు. 1933లో వచ్చిన మొదటిది ‘వెల్వెట్ క్లాస్’. అందులో మేసన్ కాస్త మొరటు మనిషి, తర్వాత మనకు తెలిసే మేసన్ ఇంకా తయారు కాలేదు. మొదటి పుస్తకాల్లో ఒక సరదా ఉంది. చివరి పేజీలో తర్వాతి కేసు క్లయింటు వచ్చి కూర్చుంటుంది. అందువల్ల వాటిని వరసగా చదివితే బాగుంటుంది. ఆ తర్వాత వరస అక్కర్లేదు, ఏది దొరికితే అది చదవొచ్చు. ప్రాసిక్యూటర్ హామిల్టన్ బర్గర్ 1935లో ‘కౌంటర్‌ఫిట్ ఐ’లో వస్తాడు, లెఫ్టినెంట్ ట్రాగ్ 1940లో ‘సైలెంట్ పార్ట్‌నర్’లో. ట్రాగ్ వచ్చాక పుస్తకాలకి బలం వచ్చింది. తెలివైన పోలీసు ఎదురుగా ఉంటేనే మేసన్ తెలివి కనబడుతుంది.

నా లెక్కలో 1936 నుంచి 1950 దాకా వచ్చినవి బంగారం. ‘క్రూకెడ్ కాండిల్’ చదివేటప్పుడు పడవలో ఒరిగి నిలబడ్డ కొవ్వొత్తి, సముద్రపు ఆటుపోట్ల వేళలు కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. అంత నిఖార్సుగా లెక్క కుదిరిన డిటెక్టివ్ నవలలు తక్కువ. యాభైల్లోవి బాగానే ఉంటాయి. 1957లో టీవీ సీరియల్ మొదలయ్యాక వచ్చినవాటిలో వర్ణన తగ్గిపోయి, సంభాషణలే మిగిలాయి. అరవైల్లోవి నాకు ఎక్కలేదు. రైల్లో గుంటూరు నుంచి సికింద్రాబాద్ చేరేలోపు ఒకటి అయిపోతుంది, దిగాక ఏమీ గుర్తుండదు. 1970లో గార్డ్‌నర్ చనిపోయాక ఇంకో రెండు వచ్చాయి. అవి సెట్టు పూర్తి చేసుకోవాలనుకునేవాళ్ళకి.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. బర్గర్ ఇన్నిసార్లు ఓడిపోయినా ఏమీ నేర్చుకోడు, అది చదువుతుంటే బాధనిపిస్తుంది. ఏ ఆడమనిషి గదిలోకొచ్చినా ముందు ఆమె ఒంటి తీరు చెప్పి తర్వాత పేరు చెబుతాడు రచయిత. మా అమ్మాయి ఒకటి చదివి ఇక చాలు అనేసింది, నేను వాదించలేదు. డెల్లా పాత్ర మాత్రం నాకు చాలా ఇష్టం. మేసన్ పెళ్ళి మాట ఎత్తినా ఆమె తన ఉద్యోగం వదులుకోడానికి ఇష్టపడదు. ముప్ఫైల నాటి పుస్తకాల్లో అది చిన్న విషయం కాదు.

చాలామంది తిప్పేసే పేజీలు ఇంకొన్ని ఉన్నాయి. నలభైల చివరి నుంచి గార్డ్‌నర్ తన నవలలకి ముందుమాట రాసి, నేర పరిశోధనలోనో జైళ్ళ సంస్కరణలోనో పనిచేసేవాళ్ళకి అంకితమిచ్చేవాడు. 1949 నాటి ‘డ్యూబియస్ బ్రైడ్‌గ్రూమ్’ ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీకి అంకితం. ఆమె హత్యా స్థలాలను బొమ్మరిళ్ళలా అంగుళానికి ఒక అడుగు లెక్కన తయారుచేసి పోలీసులకి పాఠాలు చెప్పించింది. ఆ పేరు నేను మొదట చదివింది ఇక్కడే. అన్యాయంగా శిక్షపడ్డవాళ్ళ కేసులు తిరగదోడడానికి గార్డ్‌నర్ 1948లో ‘కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్’ అని ఒక బృందాన్ని మొదలుపెట్టి నడిపాడు. ఆ పట్టుదల ఉన్న మనిషి రాసిన ముందుమాటలు వదిలేయొద్దు.

పుస్తకాల సంగతికొస్తే, నా దగ్గరున్నవి ఎక్కువగా పాకెట్ బుక్స్ వాళ్ళ అమెరికన్ పేపర్‌బ్యాకులు. అట్ట మీద కంగారూ బొమ్మ, పేజీల అంచులకి ఎర్రరంగో పసుపురంగో, చాలావాటిలో మొదట్లో పాత్రల జాబితా. ఆ జాబితా చాలా ఉపయోగం, కొత్తవాళ్ళకి ఇంగ్లీషు పేర్లు గుర్తుండవు కదా. సగానికి పైగా అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాను. 2003లో పదీ పదిహేను రూపాయలకి వచ్చేవి, ఇప్పుడు నూరు అడుగుతున్నారు. ఒక్కోదాని లోపల ఏదో ఊరి అద్దె లైబ్రరీ ముద్ర, రోజుకింత అని రేటు, తేదీల వరస. ఒక పుస్తకం 1968లో ఒక్క వేసవిలోనే ఇరవై ఒక్కమంది చేతులు మారింది. లెక్కపెట్టాను.

పేరు బట్టి కొంటే పొరపాటు పడతారు. అన్నిటికీ ‘ద కేస్ ఆఫ్ ద’ అనే మొదలు, తర్వాత రెండు మాటలు, చాలావాటిలో ఆ రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఫుట్‌పాత్ మీద నిలబడితే చదివిందేదో చదవందేదో తెలియదు. మూడుసార్లు రెండో కాపీ కొన్నాక, 82 పేర్లూ రాసిన కాగితం పర్సులో పెట్టుకోవడం మొదలుపెట్టాను. మీరు మొదటి రోజునుంచే పెట్టుకోండి.

కాపాడుకోవడం కష్టమే. ఆ కాగితం చవకరకం, మడిస్తే విరుగుతుంది. ఊడిన పేజీలకి సెల్లోటేపు వేయొద్దు. నాలుగేళ్ళలో టేపు ఎండి ఊడిపోయి, పచ్చటి మరక మాత్రం అక్షరాల మీద ఉండిపోతుంది. నాన్న పుస్తకాల్లో రెండు అలా పాడుచేశాను, ఆ బాధ ఇంకా ఉంది. ప్లాస్టిక్ కవర్లలో పెడితే వానాకాలం చెమ్మ పట్టి బూజొస్తుంది. ఇప్పుడు ఖాకీ అట్టలు వేసి, ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి అర మూలల్లో పెడుతున్నాను. కలరా ఉండలు పని చేస్తాయి కానీ, ఆ వాసనకి పుస్తకం పట్టుకుంటే నాకు తలనొప్పి.

ఆన్‌లైన్‌లో పాత పుస్తకం కొనేటప్పుడు చివరి పేజీ ఫొటో అడగండి. 1941 నాటి ‘ఎంప్టీ టిన్’ కోసం ఆరేళ్ళు వెతికాను. ఒకావిడ ఇంటి కింది గదిలో నిలవ పచ్చళ్ళ సీసాల మధ్య, లోపల ఏమీ లేకుండా సీలు వేసిన ఖాళీ డబ్బా ఒకటి కనబడుతుంది. కథ అక్కడ మొదలు. చివరికి ఒక అమ్మకందారు దగ్గర దొరికింది, 450 పెట్టి కొన్నాను. రాత్రి పదకొండున్నరకి మేసన్ అందర్నీ కూర్చోబెట్టి విప్పి చెప్పడం మొదలుపెట్టాడు, పేజీ తిప్పితే వెనక అట్ట వచ్చింది. చివరి పద్నాలుగు పేజీలు లేవు. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

డాలస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు అక్కడి లైబ్రరీలో వెతికి, ఆ భాగం ఫోన్‌లో ఫొటోలు తీసి పంపించాడు. అది వేరే ఎడిషన్, అక్షరాలు పెద్దవి. ప్రింటు తీయించి, సైజుకి కత్తిరించి, సూదీ దారంతో వెనక కుట్టాను. ఇప్పటికీ ఆ పుస్తకం తీస్తే, మేసన్ నోరు విప్పే చోట కాగితం తెల్లబడుతుంది, అక్షరాలు లావవుతాయి, రెండు వాక్యాలు రెండుసార్లు వస్తాయి.