పచ్చి రసమా, పులిసిన రసమా: బీట్‌రూట్ ఎలా తాగితే మేలు?

విజయనగరంలో మా ఇంట్లో అందరం తరవాణి, చోడి అంబలి తాగి పెరిగినవాళ్లమే. పులుపు మాకు కొత్త కాదు. అయినా రోజూ బీట్‌రూట్, క్యారెట్ జ్యూస్ తాగే మా వదిన మొన్న అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "దీన్నే పులియబెడితే యాంటీఆక్సిడెంట్లు పెరుగుతాయంటున్నారు, నిజమేనా?"

ముందు ఏ యాంటీఆక్సిడెంటు అన్నది చూడాలి. విటమిన్ సి కోసమైతే పచ్చి రసమే మేలు. అదీ తీసిన వెంటనే తాగాలి, నిలవ ఉన్నకొద్దీ తగ్గిపోతుంది. బీట్‌రూట్‌కి ఆ ఎరుపునిచ్చే బీటనిన్ సంగతి వేరు. వేడికీ వెలుతురుకీ అది పాడవుతుంది కానీ పులుపుని బాగానే తట్టుకుంటుంది.

పులిసిన రసం ముందుండేది ఫినాల్స్ విషయంలో, అంటే మొక్కల్లో ఉండే ఇంకో రకం యాంటీఆక్సిడెంట్ల విషయంలో. కూరగాయల్లో వీటిలో కొన్ని చక్కెరతో ముడిపడి ఉంటాయి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ లాంటి బ్యాక్టీరియా తన ఎంజైములతో ఆ ముడి విప్పుతుంది. విడివడిన వాటిలో కొన్ని పేగుల్లో తేలిగ్గా ఇంకుతాయి. పైగా రసంలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం చేస్తుంది కాబట్టి తీపి తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర రెండు రోజులుంచితే 6 దాటి ఉన్న పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 కిందికి దిగుతుంది. మన ఊరి ఎండల్లో ఆ వేడికి వేరే ఏర్పాటు అక్కర్లేదు.

కానీ అన్ని బ్యాక్టీరియాలూ ఒకేలా పనిచేయవు. ఒకదానితో ఫినాల్స్ పెరిగితే ఇంకొకదానితో తగ్గవచ్చు. ల్యాబ్‌లో డీపీపీహెచ్ అనే రసాయనం కలిపిన ఊదారంగు ద్రావణం ఎంత వెలిసిందో చూసి యాంటీఆక్సిడెంట్ శక్తిని లెక్కగడతారు. అది గాజు గొట్టంలో లెక్క, మన ఒంట్లో కూడా అంతే జరుగుతుందనుకోకూడదు.

ఇంట్లో చేసేవాళ్లు పులవడానికి పెరుగు తేట వేస్తుంటారు. పెరుగులో బ్యాక్టీరియా పాలకు అలవాటు పడినది, ప్లాంటారమ్ మొక్కల మీద బతికేది. అందుకే నేను తేట వేయకుండా బీట్‌రూట్ ముక్కలనే ఉప్పునీళ్లలో పులియబెట్టాను. లీటరు నీటికి 20 గ్రాముల ఉప్పు, మరిగించి ఆరబెట్టిన గాజు సీసా, ముక్కలు నీళ్లలో మునిగే ఉండాలి. మూడో రోజు మూత వదులు చేయగానే సుయ్‌మని గాలి వచ్చింది, అంచు చుట్టూ చిన్న చిన్న బుడగలు. వాసన అచ్చం మన తరవాణి కుండదే, వెనకాల కాస్త మట్టివాసన. మామ్మ ఒక గుక్క తాగి "ఇంక దీన్ని పొయ్యెక్కించకండి, మంచిదంతా పోతుంది" అంది. ఆ మాట నిజం, మరిగిస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. నూగులాంటి బూజు కనిపిస్తే మాత్రం సీసా మొత్తం పారబోయాల్సిందే.

క్యారెట్ కోసం ఇంత శ్రమ అనవసరం. దాని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె కావాలి, వేపుడే నయం.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. బీట్‌రూట్‌లో పొటాషియం, కిడ్నీలో రాళ్లకు దారితీసే ఆక్సలేట్ ఎక్కువ, పులియబెడితే ఉప్పూ తోడవుతుంది. అలాంటివాళ్లు డాక్టర్ని అడగకుండా పచ్చిదీ పులిసిందీ రెండూ ముట్టుకోవద్దు. బీపీ ఉన్నవాళ్లు ఆ ఉప్పుని లెక్కలో పెట్టుకోవాలి.

వదినకి చివరికి చెప్పింది ఇది: బీట్‌రూట్ పులియబెట్టుకో, ఫ్రిజ్‌లో పెట్టి రోజూ అర గ్లాసు తాగు. విటమిన్ సి కోసం ఒక జామకాయ తిను.