కోడ్ రాయకుండా వెబ్‌సైట్ రూపం దిద్దుకోవడానికి ఏది మేలు: సైట్ ఎడిటరా, ఎలిమెంటారా, విక్సా?

కథలు, వ్యాసాలు, పుస్తక సమీక్షలు ప్రచురించే చిన్న తెలుగు వెబ్ పత్రికకు సాధారణంగా సంపాదకుడు ఉంటాడు, అక్షరదోషాలు దిద్దిపెట్టే మిత్రులు ఉంటారు, ప్రోగ్రామర్ మాత్రం ఉండడు. శీర్షికల రంగు మార్చాలన్నా, పుటల అడుగున ఒక వరుస చేర్చాలన్నా ఎవరినో బతిమాలుకోవలసిన అవస్థ తప్పాలంటే ఇప్పుడు ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది వెబ్‌సైట్లు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌తో పాటే వచ్చే సైట్ ఎడిటర్. రెండోది వర్డ్‌ప్రెస్‌కు ప్లగిన్‌గా, అంటే అదనపు సాఫ్ట్‌వేర్‌గా చేర్చుకునే ఎలిమెంటార్ వంటి పేజ్ బిల్డర్. మూడోది హోస్టింగుతో (సైట్‌ను సర్వర్‌లో ఉంచి నడపడంతో) సహా అన్నీ తానే చూసుకునే విక్స్. ఈ మూడింటిలోనూ ఒక్క వరుస కోడ్ రాయకుండా పని జరుగుతుంది. అయితే పత్రిక వంటి సైట్‌కు, అంటే ఏళ్ల తరబడి వందల రచనలు పోగయ్యే చోటుకు, సైట్ ఎడిటరే మేలని నా నిశ్చితాభిప్రాయం.

ఎందుకంటే పత్రిక రూపం పేజీ పేజీకీ విడిగా నిర్ణయించేది కాదు. కథ ఎలా కనబడాలి, రచయిత పేరు ఎక్కడ రావాలి, పేరాల మధ్య ఎంత ఖాళీ ఉండాలి అన్నవి ఒకసారి తేల్చుకుంటే, రేపు రాబోయే రచనకూ పదేళ్ల కిందటి రచనకూ అవే వర్తించాలి. 2018 డిసెంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.0 బ్లాక్ ఎడిటర్‌ను తెచ్చినప్పుడు బ్లాకులు, అంటే పేరా, బొమ్మ, బటన్ వంటి విడి ముక్కలు, వ్యాసం లోపలికే పరిమితం. 2022 జనవరిలో వచ్చిన 5.9తో పుట పైన ఉండే హెడర్, అడుగున ఉండే ఫుటర్, వ్యాసపు పుట, విభాగాల పుట కూడా బ్లాకులతోనే కూర్చుకునే వీలు కలిగింది. బ్లాక్ థీమ్ (సైట్ మొత్తానికి బ్లాకులతో చేసిన రూపం) వేసుకుని, డాష్‌బోర్డులో అప్పియరెన్స్ కింద ఉండే ఎడిటర్‌లోకి వెళ్లి, స్టైల్స్‌లో అక్షరాల పరిమాణం మారిస్తే సైట్ మొత్తం మారుతుంది. 2023 మార్చిలో వచ్చిన 6.2 స్టైల్ బుక్ అనే సౌకర్యాన్ని తెచ్చింది. శీర్షిక, పేరా, ఉల్లేఖనం, పట్టిక వంటివి ఒకే తెరమీద వరుసగా కనబడతాయి కాబట్టి, ఒకటి మారిస్తే దాని పక్కన మిగిలినవి ఎలా ఉన్నాయో అక్కడే తెలిసిపోతుంది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన 6.3తో స్టైల్స్‌లో చేసిన మార్పుల చరిత్ర కూడా నిలవ ఉండడం మొదలైంది. నచ్చకపోతే వెనక్కి వెళ్లవచ్చన్న ధైర్యం కోడ్ తెలియని సంపాదకుడికి చిన్న విషయం కాదు.

తెలుగు సైట్ అనేసరికి అసలు పరీక్ష ఫాంట్ దగ్గర వస్తుంది, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఈ మూడింటిలో దేనిలోనైనా ఫాంట్ల జాబితా తెరిస్తే పాపిన్స్, లాటో వంటి పేర్లు ముందు కనబడతాయి. వాటిలో ఒకటి ఎంచుకుంటే అంకెలూ ఇంగ్లీషు మాటలూ మారతాయి గానీ తెలుగు మారదు, ఎందుకంటే ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలే లేవు. అప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌లో నోటో సాన్స్ తెలుగు, విండోస్‌లో నిర్మలా, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు ప్రత్యక్షమై, ఒకే పత్రిక ముగ్గురు పాఠకులకు మూడు రకాలుగా కనబడుతుంది. సిలికానాంధ్ర చొరవతో వచ్చి గూగుల్ ఫాంట్స్‌లో చేరిన మల్లన్న, మండలి, రామభద్ర, గురజాడ వంటివి అందమైనవే, కానీ వాటిలో ఒక్కో దానికి ఒక్కటే మందం. వాటితో కూర్చిన వాక్యంలో ఒక మాటను బోల్డ్ చేస్తే బ్రౌజర్ తానే అక్షరాన్ని సాగదీసి లావు చేస్తుంది, దాంతో సున్నాలూ వత్తుల లోపలి ఖాళీలూ పూడుకుపోతాయి. వ్యాసాలకు పలు మందాలున్న నోటో సెరిఫ్ తెలుగు, హింద్ గుంటూరు, అనెక్ తెలుగు వంటివి తీసుకుని, రామభద్రను పెద్ద శీర్షికలకే ఉంచడం నాకు సబబుగా తోస్తుంది.

2024 ఏప్రిల్‌లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.5 ఫాంట్ లైబ్రరీని చేర్చాక, ఈ పని సైట్ ఎడిటర్‌లోనే అవుతోంది. గూగుల్ ఫాంట్స్ నుంచి ఎంచుకున్న ఫాంట్ మన సర్వర్‌లోకే దిగుతుంది, మన దగ్గరున్న ఫాంట్ ఫైలును నేరుగా ఎక్కించవచ్చు కూడా. భాషను బట్టి వడపోసి చూసే వీలు గూగుల్ ఫాంట్స్ సైట్‌లో ఉంది కాబట్టి ముందు అక్కడ చూసుకుని, పేరుతో ఇక్కడ వెతకడం తేలిక. ఫాంట్ మన సర్వర్‌లో ఉండటం వేగానికే కాదు, ఐరోపాలో పాఠకులున్న ప్రవాస పత్రికలకు మరో విధంగానూ మంచిది. గూగుల్ సర్వర్ నుంచి ఫాంట్ తెప్పిస్తూ సందర్శకుడి ఐపీ చిరునామాను అనుమతి లేకుండా పంపడం తప్పని 2022 జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు ఒకటి తీర్పు చెప్పింది.

ఫాంట్ తరవాత వరుసల మధ్య ఎడం. చాలా థీముల్లో శీర్షికలకు ఇది అక్షర పరిమాణానికి 1.1 లేదా 1.2 రెట్లు ఉంటుంది, ఇంగ్లీషుకు అది చాలు. ‘రాష్ట్ర స్థాయి కథల పోటీ: స్త్రీ రచయితలకు ఆహ్వానం’ అన్న శీర్షిక ఫోన్ తెరపై రెండు వరుసలైతే, పై వరుసలోని ‘ష్ట్ర’ వత్తులు కిందికి దిగి, కింది వరుసలోని ‘స్త్రీ’ గుడిని తాకుతాయి. శీర్షికలకు 1.4 నుంచి 1.5, వ్యాసానికి 1.7 నుంచి 1.9 పెడితే గాని తెలుగు ఊపిరి పీల్చుకోదు. అక్షరాల మధ్య ఎడాన్ని మైనస్‌లోకి దించిన థీములు కూడా ఉన్నాయి, తెలుగుకు దాన్ని సున్నా చేయాలి. సైట్ ఎడిటర్‌లో ఈ అంకెలన్నీ స్టైల్స్‌లోని టైపోగ్రఫీ కింద ఒకేచోట, అందరికీ ఉచితంగా దొరుకుతాయి.

ఎలిమెంటార్ విషయానికి వస్తే, 2016లో వచ్చిన ఈ ప్లగిన్ అంత ప్రాచుర్యం పొందడానికి న్యాయమైన కారణాలే ఉన్నాయి. పట్టుకుని లాగి వదిలిన వస్తువు వెంటనే అక్కడ కుదురుతుంది. కంప్యూటర్, టాబ్లెట్, ఫోన్ మూడింటికీ అక్షరాల పరిమాణాన్నీ అంచుల ఖాళీనీ వేరువేరుగా పెట్టుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో సైట్ ఎడిటర్ వెనకబడే ఉంది, తెరను బట్టి తనంతట తానే పెరిగి తరిగే అక్షరాలపైనే అది ఎక్కువగా ఆధారపడుతుంది. సాహిత్య సదస్సుకో పుస్తకావిష్కరణకో ఒకే ఒక్క ఆకర్షణీయమైన పేజీ రేపటికల్లా కావాలంటే నేనైనా ఎలిమెంటార్‌నే తెరుస్తాను.

చిక్కల్లా పత్రిక మొత్తాన్ని దానిమీద కట్టడంలో ఉంది. గ్లోబల్ రంగులు, గ్లోబల్ ఫాంట్లు అందులో ఉన్నా, పేజీలో పేర్చే ప్రతి విడ్జెట్‌లోనూ (శీర్షిక, బొమ్మ వంటి వస్తువులో) వాటిని కాదని విడిగా అంకె పెట్టే వీలు చేతికి అందుబాటులోనే ఉంటుంది. ఇద్దరు ముగ్గురు చేతులు పడ్డ సైట్‌లో ఆరు నెలలకు ఏ శీర్షిక ఎందుకు ఆ రంగులో ఉందో చెప్పగలిగేవారు ఉండరు. రచనలన్నిటికీ ఒకే టెంప్లేట్ (అమరిక నమూనా) తయారుచేసుకునే థీమ్ బిల్డర్ డబ్బు కట్టే ప్రో వారికే దొరుకుతుంది. ప్లగిన్‌ను ఆపేస్తే పాఠం పోదు, బొమ్మలూ పోవు, కానీ అమరిక అంతా చెదిరి ఒకదాని కింద ఒకటిగా మిగులుతుంది. పైగా ఒక పేరాను తెరమీదకు తేవడానికి పెట్టెలో పెట్టెగా అది పేర్చే అదనపు సరుకు, నెమ్మదైన సిగ్నల్‌తో పాత ఫోన్‌లో చదివే పాఠకుడికి భారమవుతుంది. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలో కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. అచ్చంగా పాఠమే ఉండే కథకు ఆ కొలత దాటే పరిస్థితి రానివ్వకూడదు.

విక్స్‌ది వేరే లెక్క. సర్వర్, భద్రత, అప్‌డేట్ల బాధ్యత దానిదే కావడంతో, సాంకేతిక విషయాలు చూసే మనిషి ఒక్కరూ లేని సంస్థకు అది నిజంగా ఊరట. సొంత ఫాంట్‌ను ఎక్కించుకునే వీలూ ఉంది. అయితే ఉచిత పథకంలో విక్స్ ప్రకటన కనబడుతుంది, సొంత డొమైన్ కలపడానికి వీలుండదు. సాధారణ విక్స్ ఎడిటర్‌లో ఒకసారి ఎంచుకున్న టెంప్లేట్‌ను తరవాత మార్చలేము, కొత్తది కావాలంటే మళ్లీ మొదటినుంచి కూర్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ కట్టిన సైట్‌ను ఉన్నదున్నట్టు మరో హోస్టింగుకు తరలించే మార్గం లేదు. అద్దె ఇంటికి ఎన్ని రంగులు వేయించినా ఖాళీ చేసేటప్పుడు గోడలు వెంట రావు. మిఠాయి దుకాణానికో సంగీత పాఠశాలకో ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. రచయితలు నమ్మి ఇచ్చిన రచనలను ఇరవై ఏళ్లు కాపాడవలసిన పత్రిక మాత్రం ఆ షరతుకు ఒప్పుకోకూడదు.

సైట్ ఎడిటర్‌లోనూ తెలిసి ఉండవలసిన ఇబ్బందులున్నాయి. టెంప్లేట్‌ను మారుస్తున్నామా, ఒక్క పేజీనా అన్నది కొత్తవారికి తరచు తికమకపెడుతుంది. సేవ్ చేసేముందు ఏవేవి మారబోతున్నాయో చూపించే జాబితాను తప్పక చదవాలి. మనం దిద్దిన టెంప్లేట్ డేటాబేస్‌లో విడి ప్రతిగా నిలుస్తుంది కాబట్టి థీమ్ అప్‌డేట్ వల్ల మన మార్పులు చెరిగిపోవు, కానీ ఆ టెంప్లేట్‌లో థీమ్ తయారీదారులు తెచ్చిన మెరుగులు కూడా మనకు కనబడవు. థీమ్ మారిస్తే మనం దిద్దిన స్టైల్స్ కొత్త థీమ్‌లోకి రావు. ఇక పాత పద్ధతి థీములకు 2012 నుంచి ఉన్న కస్టమైజర్ సైట్ ఎడిటర్ కంటే సులువైనదే, కాకపోతే థీమ్ చేసినవారు ఎన్ని మీటలు ఇస్తే అన్నే తిప్పగలం.

ఇప్పటికే ఎలిమెంటార్ మీద నడుస్తున్న పత్రికలు రాత్రికి రాత్రి అంతా మార్చనక్కరలేదు. సైట్ నకలు ఒకటి చేసుకుని, దానిలో బ్లాక్ థీమ్ వేసి, ఒకే వ్యాసాన్ని ముందు సరిచేయాలి. ఫాంట్, వరుసల ఎడం, రంగులు కుదిరాయని చవకైన ఫోన్‌లో చూసి తేల్చుకున్నాక కొత్త సంచికను దానిలో వేయవచ్చు. ఎక్కువమంది చదివే పాత రచనలను ముందుగా, మిగిలినవాటిని తీరిక చూసుకుని బ్లాకుల్లోకి తేవచ్చు. చివరి రచన కూడా దాటేవరకు ఎలిమెంటార్‌ను తీసేయకూడదు.