మైగ్రేన్‌కి గులాబీ కళ్లజోడు: ఎఫ్‌ఎల్-41 అద్దాలు కొనేముందు

మైగ్రేన్ ఉన్నవాళ్ల మీద విశాఖకి పెద్దగా దయ లేదు. పొద్దున ఏడింటికే బీచ్ రోడ్డులో ఎండ నీళ్ల మీద పడి కళ్లలోకి కొడుతుంది. అక్కణ్ణుంచి ఆఫీసుకి వెళ్తే నెత్తిన ట్యూబులైట్లు. అందుకే షాపులో "మైగ్రేన్ గ్లాసెస్" అనే మాట వినగానే ఆశ పుడుతుంది. ఆ పేరుతో అమ్మేవాటిలో కాస్త ఆధారం ఉన్నది ఎఫ్‌ఎల్-41 అనే గులాబీ రంగు అద్దం. సరుకు మంచిదే. కాకపోతే అది చేసే పని ఒకటి, దాన్నుంచి జనం ఆశించేది ఇంకొకటి.

చాలామంది దీన్ని ఆరా కోసం కొంటారు. (మనకి ఆరా అంటే తీసేది, డాక్టర్ల ఆరా వేరు, తలనొప్పికి ముందు చూపులో వచ్చే మార్పు అది.) చూపులో ఒక చిన్న మచ్చ మొదలై, అంచున మెరిసే వంకర గీతలతో మెల్లగా పెద్దదవుతూ పక్కకి జరుగుతుంది. మామూలుగా 5 నిమిషాల నుంచి గంటలోపు సర్దుకుంటుంది. ఇది కంటిలో పుట్టేది కాదు. తల వెనక, చూపుకి సంబంధించిన మెదడు పొర మీద ఒక విద్యుత్ అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతుంది. అది దాటిన చోట కణాలు కాసేపు మూగబోతాయి. గీతలు అంత నింపాదిగా కదలడానికి, కళ్లు మూసుకున్నా కనబడడానికి కారణం ఇదే. కంటి ముందు ఏ అద్దం పెట్టినా మొదలైన ఆరా ఆగదు. ఆ మాటకొస్తే ట్రిప్టాన్ మాత్రలూ దాన్ని ఆపవు. అవి తలనొప్పి మొదలయ్యాక వేసుకునేవి.

ఆరా వచ్చినప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది. ఆరా అయితే రెండింటిలోనూ ఒకే వైపు కనబడుతుంది. ఒక కంట్లోనే చూపు పోయినా, తెర దిగినట్టు అయినా కళ్లజోడు సంగతి పక్కన పెట్టి వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఊడడం కావచ్చు, రక్తనాళం మూసుకోవడం కావచ్చు. మాట తడబడినా, చెయ్యి చచ్చుబడినా, చూపు ఉన్నట్టుండి ఒక్కసారే పోయినా 108కి ఫోన్ చేయాలి. యాభై దాటాక మొదటిసారి ఇలా వస్తే "మైగ్రేనేలే" అనుకోకూడదు. ఆరా ఉన్న ఆడవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి.

మరి ఈ అద్దం దేనికి? వెలుతురు చూస్తే పడని బాధకి. రెటీనాలో బొమ్మ చూడడానికి కాక, వెలుతురు ఎంతుందో కొలవడానికి ఉన్న కణాలు కొన్ని 480 నానోమీటర్ల దగ్గరి నీలి-ఆకుపచ్చ కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. నొప్పి దారులతో వాటికి లంకె ఉంది. ఎఫ్‌ఎల్-41 రంగు సరిగ్గా ఆ పట్టీని తగ్గిస్తుంది. 1991లో ఇంగ్లండ్‌లో 20 మంది పిల్లల మీద అచ్చుకెక్కిన పరిశీలనలో, ఈ అద్దం పెట్టుకున్నవాళ్లకి నాలుగు నెలల్లో నొప్పులు నెలకి సగటున 6.2 నుంచి 1.6కి తగ్గాయి. పోలికకి నీలం అద్దాలిచ్చిన పిల్లలకి మొదట్లో తగ్గినా ఆ మేలు నిలవలేదు. ఇరవై మందంటే చిన్న లెక్కే, పెద్ద హామీలకి చాలదు.

కొనేటప్పుడు జరిగే మోసాల్లో సగం రంగు దగ్గరే. కంటికి ఒకేలా కనిపించే రెండు గులాబీ అద్దాలు ఆపేది వేర్వేరు కాంతిని కావచ్చు. కాబట్టి కాంతి ప్రసార పట్టిక (ఏ కాంతి అద్దంలోంచి ఎంత దాటుతుందో గీతతో చూపేది) అడగండి: 480 దగ్గర గీత గుంటలా దిగాలి. పట్టిక లేదంటే అది ఉత్త గులాబీ అద్దం. "బ్లూ కట్ కూడా ఇదేనండి" అంటే నమ్మొద్దు. ఆ పూత ఎక్కువగా ఆపేది 450 లోపు కాంతిని.

సైట్ ఉన్నవాళ్లు పవర్ వేయించుకోవచ్చు. సీఆర్-39 ప్లాస్టిక్ రంగు బాగా పీల్చుకుంటుంది, పాలీకార్బొనేట్ అంత తేలిగ్గా పీల్చదు. రంగు ముందు, యాంటీ రిఫ్లెక్షన్ పూత తర్వాత. తీసుకునేటప్పుడు రెండు అద్దాల్నీ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి రంగు కలిసిందో లేదో చూడాలి. కంటిపాపల మధ్య దూరం కొలిచాకే అద్దం కోయించాలి. పవర్ 4 ఉన్న అద్దం కేంద్రం 3 మిల్లీమీటర్లు జరిగితే 1.2 ప్రిజం (చూపుని పక్కకి లాగే వంపు) పుడుతుంది. తలనొప్పికని కొన్న జోడే తలనొప్పి తెచ్చిపెడుతుంది! ఫ్రేము పెద్దదిగా, కణతల దగ్గర సందు లేకుండా ఉండాలి. పక్క నుంచి వెలుతురు దూరితే అద్దం ఎంత మంచిదైనా దండగ.

గదిలోకి లేత రంగు చాలు. ఇంట్లో నల్ల కళ్లజోడు పెట్టుకునే అలవాటు మాత్రం మానాలి. కళ్లు చీకటికి అలవాటుపడి మామూలు వెలుతురు కూడా గుచ్చుతుంది. సముద్రపు తళుకుకి పోలరైజ్డ్ అద్దం వేరే కావాలి, ఆ పని దీనిది కాదు. రాత్రిపూట ఎఫ్‌ఎల్-41తో బండి నడపొద్దు: వెలుతురు తగ్గుతుంది, పచ్చ సిగ్నల్ వెలవెలబోతుంది.

ఒక్కోసారి జోడు కంటే బల్బు మార్చడమే చవక. పాత చోకు ట్యూబులైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, నాసిరకం ఎల్‌ఈడీలూ అంతే. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తీస్తే చారలో, మిణుకో కనబడితే ముందు ఆ లైటు మార్చండి.

జోడు ఉంది కదా అని మాత్రల లెక్క వదిలేయకూడదు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, ట్రిప్టాన్‌లు 10 రోజులు చేరితే మాత్రల వల్లే తలనొప్పి మొదలవుతుంది. టోపిరమేట్ (మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందు) మొదలుపెట్టిన కొత్తలో కంటినొప్పితో చూపు మసకబారితే వెంటనే డాక్టరుకి చూపించాలి.

ఐదుకి మూడున్నర ఇవ్వొచ్చు, పట్టిక చూపించిన అద్దానికి మాత్రమే. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద దీన్ని వదలకండి, ఎండకి, వేడికి అద్దం పాడవుతుంది. చన్నీళ్లు, కాస్త సబ్బు చాలు కడగడానికి.