మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ టోపీ బ్యాడ్జి నకలు: గ్రెనేడ్ కుదిరింది, పులి కుదరలేదు

1922 జూలై 31న రద్దయిన ఐర్లండ్ పదాతి రెజిమెంటు రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్. వాళ్ళ టోపీ బ్యాడ్జికి ఇది ఈమధ్య చేసిన నకలు. నకలని పెట్టె మీదే స్పష్టంగా రాశారు, అది మెచ్చుకోవాల్సిన విషయం. నాటకంలో వేషానికి, గోడ మీద అలంకారానికి ఇది చాలు. అసలు బ్యాడ్జి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి కొంటే మాత్రం నిరాశే.

అసలు బ్యాడ్జిలో రెండు లోహాలుంటాయి. మండుతున్న గ్రెనేడ్ ఇత్తడిది. దాని గోళం మీది బెంగాల్ పులి, ‘రాయల్ మన్‌స్టర్’ అనే పేరుపట్టీ తెల్ల లోహానివి. నకలులో గ్రెనేడ్‌ను రేకు మీద అచ్చుకొట్టి తీశారు. వెనక్కి తిప్పితే ముందువైపు ఉబ్బంతా గుంటగా కనిపిస్తుంది, మంటల గీతలు పదునుగా ఉన్నాయి. పోతపోసిన చవక రకాలకు వెనక చదునుగా ఉండి, అక్కడక్కడా సన్నని బొక్కలుంటాయి. ఈ ఒక్క విషయంలో ఇది వాటికంటే చాలా మేలు.

పులిని మాత్రం విడిగా కొట్టి అతకలేదు. ఇత్తడిలోనే ఉబ్బెత్తుగా తీసి పైన తెల్లపూత వేశారు. పూత పొట్ట కింద గోళం మీదికి పాకింది. మెరుగుపెట్టే ద్రావకంతో రుద్దితే ముందుగా ఎత్తుగా ఉన్న చోట్ల, అంటే వీపు, తల దగ్గర, పసుపు బయటపడుతుంది. అందుకే గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తని కుంచె తప్ప ఇంకేమీ వాడొద్దు. కడిగిన వెంటనే తడి లేకుండా ఆరబెట్టాలి.

వెనకున్న స్లైడర్‌ను, అంటే బ్యాడ్జిని టోపీ గుడ్డకు తగిలించే లోహపు పట్టీని, మెత్తని టంకంతో అతికారు. టోపీకి బిగుతుగా ఉండాలని దాన్ని వంచితే అతుకు దగ్గరే ఊడుతుంది. టోపీ గుడ్డలో స్లైడర్ వెడల్పుకు సరిపడా చీలిక కోసి, పైనుంచి కిందికి నిటారుగా దించాలి. వదులనిపిస్తే గుడ్డ వెనక గట్టి అట్టముక్క పెట్టండి. ఊడిన స్లైడర్‌ను మంటతో అతికే ప్రయత్నం వద్దు, ఆ వేడికి పూత నల్లబడుతుంది.

అన్నిటికంటే పెద్ద లోపం పెట్టెలోని చరిత్ర కార్డులో ఉంది. రెజిమెంటు 1881లో పుట్టిందని రాసి, పులి ఎందుకుందో చెప్పకుండా వదిలేశారు. 1881లో జరిగింది కలయిక: 101వ రాయల్ బెంగాల్ ఫ్యూజిలియర్స్, 104వ బెంగాల్ ఫ్యూజిలియర్స్ ఒకటై ఈ పేరు తీసుకున్నాయి. రెండూ ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలోని యూరోపియన్ పటాలాలే. పులి అక్కడి నుంచి వచ్చింది. రెజిమెంటు యుద్ధ గౌరవాల్లో, అంటే పాల్గొన్న యుద్ధాలకు గుర్తింపుగా దక్కిన పేర్లలో, ప్లాసీ పక్కనే ‘కాండోర్’, ‘మసూలీపటం’ ఉన్నాయి. కాండోర్ అంటే 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివారిపై కంపెనీ సేనాని ఫోర్డ్ గెలిచిన యుద్ధం. విజయనగరం ఆనంద గజపతి సేన అతని పక్షాన నిలిచింది. మరుసటి ఏప్రిల్‌లో మసూలీపటం, అంటే బందరు కోట, అతని వశమైంది. తెలుగు పాఠకుడికి ఈ బ్యాడ్జి మీద ఆసక్తి కలిగించే విషయం ఇదే, కార్డులో లేనిదీ ఇదే.

రద్దు తేదీ కార్డులో సరిగానే ఉంది. ఐర్లండ్ విడిపోవడంతో దక్షిణాది రెజిమెంట్లు ఐదు ఒకేరోజు రద్దయ్యాయి. వాటి పతాకాలను 1922 జూన్ 12న విండ్సర్ కోటలో ఐదవ జార్జికి అప్పగించారు.

కొనేముందు రెండు చూసుకోండి. గోళం మీద పులితోపాటు ఏనుగు కూడా ఉంటే అది డబ్లిన్ ఫ్యూజిలియర్స్‌ది, పేరు మార్చి అమ్ముతున్నారన్నమాట. పూర్తి ఇత్తడి బ్యాడ్జి కనిపించగానే నకిలీ అని తోసిపుచ్చకండి. 1916లో తెల్ల లోహం ఆదా కోసం చాలా రెజిమెంట్లకు అలా చేశారు. రెండు లోహాలదని చెప్పి అమ్మేదైతే పులి అంచు వెంట గోరు నడపండి. విడి ముక్క అయితే గోరుకు చిన్న మెట్టు తగులుతుంది.