బట్ట దగ్గర ఆగే కథలు: కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ కథల సంపుటి

కథలకు ఐదు చుక్కలు, పుస్తకం తయారీకి రెండు. ఆ రెండిట్లో ఒకటి కాగితం మరీ తెల్లగ లేనందుకు ఇచ్చిన, రాత్రిపూట ట్యూబులైటు కింద కండ్లకు కొట్టదు.

కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ ఇంగ్లీషు కథలు కొన్ని ఏరి వేసిన చౌక పేపర్‌బ్యాక్ ఇది. లైనింగు బట్ట, లేసులు తెచ్చుకునేందుకు హైదరాబాదు పోయినప్పుడు కోఠిలో 150 రూపాయలకు కొన్న. నేను పాఠాలు చెప్పే మేడాన్ని కాదు. ఎం.ఏ. ఇంగ్లీషు దూరవిద్యలో పూర్తిచేసిన, కొలువు రాలేదు, మిషన్ ఎక్కిన. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి సందులో లేడీస్ టైలరింగు నాది. బతుకమ్మ పండుగ జాకెట్ల గిరాకీ దిగినంక దొరికిన తీరికలో ఈ కథలు చదివిన. అందుకని మీకు ఇక్కడ దొరికేది టైలరు చూపు. ఈమె కథలకు అది తక్కువ చూపేమీ కాదని నాకు గట్టిగ అనిపించింది. చైతన్య స్రవంతి, ఆధునికత అని పెద్ద పేర్లు పెట్టి చెప్పేటోళ్ళు టోపీలను, గౌన్లను దాటుకుంటనే పోతరు. ఈమె మాత్రం వాటి దగ్గరే ఆగుతది.

మనిషి సంగతి రెండు ముక్కల్లో. 1888లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో పుట్టింది, తండ్రి బ్యాంకులో పెద్ద మనిషి. చదువుకు లండన్ పోయి వచ్చి, 1908లో మళ్ళ పోయింది, ఇగ పుట్టిన ఊరి మొహం చూడలేదు. క్షయతోని 1923 జనవరిలో ఫ్రాన్స్‌లో పోయింది, అప్పటికి 34 ఏండ్లు. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ దంపతులు చేత్తో అచ్చు వేసే తమ ప్రెస్సులో ఈమె 'ప్రెల్యూడ్' కథను 1918లో పుస్తకంగ వేసిన్రు. తను అసూయపడ్డ రాత ఈమెదొక్కటేనని వుల్ఫ్ డైరీలో రాసుకుంది కూడా.

ఇప్పుడు అసలు సంగతి. ఫలానా ఆమె నీలం గౌను వేసుకున్నదని అందానికి రాసి ముందుకు పోయే రకం కాదు ఈమె. వేసుకున్న మనిషికి తన బట్ట ఇంకొకరి కండ్లతోని కనపడే క్షణం ఒకటి ఉంటది. కథ సరిగ్గ ఆడనే జరుగుతది. దానికి ముందు ఏమీ జరగనట్టే ఉంటది, తర్వాత ఆమె ఒక్క మాట కూడా వివరించదు.

'ది డాల్స్ హౌస్' చూడుండ్రి. 1922లో అచ్చైన కథ. బర్నెల్ వాళ్ళ ఇంటికి ఒక బొమ్మరిల్లు కానుకగ వస్తది. ముదురు పచ్చ రంగు, పెయింటు వాసన పోయేదాంక వాకిట్లనే పెడ్తరు. బడిలో పిల్లలందరినీ ఇద్దరిద్దరిగ పిలిచి చూపిస్తరు, కెల్వీ అక్కచెల్లెండ్లను తప్ప. వాళ్ళు బట్టలుతికే ఆమె బిడ్డలు. తండ్రి జైల్లో ఉన్నడని ఊరంత గుసగుస. చుట్టుపక్కల ఒక్కటే బడి కాబట్టి జడ్జి బిడ్డలు, డాక్టరు బిడ్డలు, పాలాయన పిల్లలు, వీళ్ళు అందరూ ఆడికే రావాలె. గీత ఎక్కడో ఒకచోట గీయాలె గదా, కెల్వీ పిల్లల దగ్గర గీసిన్రు. పంతులమ్మ కూడా ఆ పిల్లలతోని వేరే గొంతుతోని మాట్లాడుతది.

పెద్దపిల్ల లిల్ వేసుకున్న గౌను గురించి మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన లెక్క మా పుస్తకంలో రాసుకునే ఆర్డరంత కచ్చితంగ ఉంటది. ఒంటి బట్ట బర్నెల్ వాళ్ళ ఆకుపచ్చ సర్జ్ (మందపు నేత బట్ట) టేబుల్ క్లాత్. చేతులు లోగన్ వాళ్ళ కర్టెన్లలోని ఎర్ర ప్లష్ (వెల్వెట్ లెక్క బొచ్చు బట్ట). నెత్తిమీది టోపీ ఒకప్పుడు పోస్టాఫీసు ఆమెది, దానికి పెద్ద ఎర్ర ఈక. ఒక్క వాక్యం చదివి నేను మిషన్ మీద చెయ్యి ఆపిన. సర్జ్, ప్లష్ ఒక్క చంక కుట్టు మీద కుదురుగ ఉండవు, బరువు చేతి వైపు లాగుతది. ఆ తల్లి రాత్రి దీపం ముంగట కూర్చొని దాన్ని ఎట్ల నిలబెట్టిందోనని ఆలోచించిన. కథలో ఆ సంగతి లేదు. ఉన్నదేందంటే, ఆ పిల్ల బడికి వచ్చిన ప్రతిసారి ఎవరింటి బట్ట ఏదో అందరికీ తెలిసిపోతది.

ఇది మన దగ్గర లేనిదా? పెద్దిండ్ల ఆడవాళ్ళు పాత నారాయణపేట చీర తెచ్చి "మా పనామె బిడ్డకు లంగా కుట్టు, జరీ అంచు మాత్రం విప్పి నాకియ్యి" అంటరు. అంచు పోయినంత మాత్రాన చీర ఎవరిదో తెల్వకుండ పోతదా? ఆ పిల్ల ఆ లంగా కట్టి దానిచ్చినామె ఇంటి ముంగటనే బడికి నడవాలె. చాకలి ఐలమ్మ విసునూరు దొరకు ఎదురు నిలబడ్డప్పుడు ఆ ప్రాంతం నల్లగొండ జిల్లా కిందనే ఉండె. మా దిక్కు మనిషి ఎవరూ ఈ కథను ముద్దు ముద్దు బాల్యం కథగ చదవలేరు. ఇంగ్లీషు సైట్లలో 'పిల్లల కథ' అని పెట్టినోళ్ళను చూస్తే నవ్వొస్తది.

ఇంకా లోతుకు పోదాం. చిన్నది ఎల్స్ ఎప్పుడూ మాట్లాడదు. అక్క గౌను కొసను పిడికిట్ల పట్టుకొని తిరుగుతది. ఏమన్న కావాలంటే ఆ బట్టను గుంజుతది, అక్కకు అర్థమైతది. బర్నెల్ పిల్ల కెజియా వాకిలి గేటు ఎక్కి ఊగుతూ "లోపలికి రండి, బొమ్మరిల్లు చూడండి" అంటే, లిల్ రానంటది. మీరు మాతోని మాట్లాడొద్దని మీ అమ్మ మా అమ్మకు చెప్పింది అంటది. అప్పుడు వెనుక నుంచి ఎల్స్ గుంజుతది. ఏ బట్టను? బర్నెల్ వాళ్ళ టేబుల్ క్లాత్‌ను. ఆ ఇంటి బట్టనే గుంజి ఆ ఇంట్లకు పోదామని అడుగుతది ఆ పిల్ల. మాన్స్‌ఫీల్డ్ ఈ సంగతి ఎత్తి చూపదు. ముందు పేజీలో గౌను లెక్క చెప్పింది, ఇక్కడ గుంజుడు చెప్పింది, మధ్యలో దారం మనమే వెతుక్కోవాలె. ఆఖర్లో తరిమేసినంక అక్కచెల్లెండ్లు తోవ పక్కన మోరీ పైపు మీద కూర్చుంటరు. చిన్నది అక్క టోపీ ఈకను వేలితోని నిమిరి, ఆ ఇంట్ల ఉన్న చిన్న దీపం చూసిన్నని చెప్తది. కథంతట్ల ఆ పిల్ల మాట్లాడేది దాదాపు అంతే.

'మిస్ బ్రిల్' ఇంకో రకం. ఫ్రాన్స్‌లో ఒంటరిగ ఉండే ఇంగ్లీషు టీచరమ్మ, ప్రతి ఆదివారం పార్కుకు పోయి బ్యాండు వింటది. ఆ రోజు పెట్టెలోంచి బొచ్చు మెడపట్టీ తీస్తది. దానికి మొహం ఉంటది, చిన్న కండ్లు ఉంటయి, ముక్కు కొంచెం దెబ్బతిన్నది. పురుగు పట్టకుండ చల్లిన పొడి దులిపి, బ్రష్ చేసి, దానితోని ముద్దుగ మాట్లాడుతది. నల్లగొండ ఎండకు బొచ్చు కట్టేటోళ్ళు ఎవరూ లేరు గానీ, డాంబర్ గోలీల వాసనతోని పట్టుచీర బీరువాలోంచి తీసి భుజం మీద వేసుకొని అద్దం ముందు నిలబడే పెద్దమ్మలు నాకు బాగ తెలుసు. జాకెట్ చాలదు, వదులు చేయించుకోవడానికి నా దగ్గరికే వస్తరు.

ఈ కథలో రాతపని గమనించుండ్రి. "ఆమె అనుకుంది" అన్న మాట ఎక్కువ కనపడదు. కథకురాలి వాక్యం మొదలై, మధ్యలో తెల్వకుండనే మిస్ బ్రిల్ గొంతు అయిపోతది. బెంచీల మీద కూర్చున్నోళ్ళంతా ముసలోళ్ళు, చీకటి అర్రల్లోంచి, అల్మారాల్లోంచి ఇప్పుడే వచ్చినోళ్ళ తీరుగ ఉన్నరని ఆమె చూస్తది. తను కూడా ఆ బెంచీ మీదనే ఉన్నదని ఆమెకు తట్టదు, మనకు తడుతది. వెలిసిపోయిన బొచ్చు టోపీ పెట్టుకున్న ఇంకొకామెను ఒక పెద్దమనిషి మొహం మీద పొగ ఊది పోతడు. అది కూడా చూస్తది, అందులో తన సంగతి చూడదు. తర్వాత ఒక పడుచు జంట వచ్చి పక్కన కూర్చుంటది. ఆ బొచ్చు అచ్చం వేయించిన చేప తీరుగ ఉన్నదని పిల్ల నవ్వుతది. అంతే. ప్రతి ఆదివారం కొనుక్కునే తేనె కేకు ముక్క ఆ రోజు కొనదు, తన చీకటి అర్రకు పోతది. ఆ అర్ర కూడా అల్మారా అంతనే ఉన్నదని ఇప్పుడు చెప్తది రచయిత్రి. మెడపట్టీని చూడకుండనే పెట్టెల పెట్టి మూత వేస్తది. లోపల ఏదో ఏడ్చినట్టు అనిపించిందట. ఆమె బాధపడ్డదని ఒక్కసారి కూడా చెప్పకుండ కథ అయిపోతది.

'ది గార్డెన్ పార్టీ' అందరూ పొగిడిన కథ. నాకూ నచ్చింది, కాని పై రెండిటి తర్వాతనే. లారా అనే పిల్ల ఇంట్ల తోట విందు. అదే పొద్దు పక్క బస్తీలో బండి నడిపేటాయన గుర్రం బెదిరి బండి మీది నుంచి పడి సచ్చిపోతడు, భార్య, ఐదుగురు పిల్లలు. విందు ఆపుదామంటది లారా. తల్లి ఆ మాటను లెక్కచేయదు, తన నల్ల టోపీ తీసి బిడ్డ నెత్తిన పెడ్తది. బంగారు రంగు డెయిజీ పూలు, పొడుగు నల్ల వెల్వెట్ రిబ్బను. పిల్ల అద్దంలో తనను చూసుకుంటది, సావు సంగతి వెనక్కు పోతది. అన్నకు చెప్పుదామని పోతే "టోపీ ఏం బాగుందే" అంటడు, ఇగ చెప్పదు. వర్గం గురించి పెద్ద వ్యాసాలు చదివిన, ఒక టోపీతోని నోరు ఎట్ల మూయిస్తరో ఇంత సక్కగ ఎవరూ చెప్పలేదు. సాయంత్రం మిగిలిన తిండి బుట్ట పట్టుకొని శవం ముందు నిలబడి లారా అనేది ఒక్కటే మాట: నా టోపీని క్షమించు. ఆ తర్వాత అన్నతోని "బతుకు అంటే..." అని ఆగిపోతది. ఆ కొస నాకు కొంచెం తయారుచేసినట్టు అనిపించింది. టోపీ దగ్గరే ఆపుంటే బాగుండు.

'బ్లిస్'లో లెక్క తిరగబడ్తది. ఇంట్ల విందు ఇచ్చే బెర్తా తెల్ల గౌను, పచ్చ పూసల దండ, పచ్చ బూట్లు వేసుకుంటది. కిటికీలోంచి కనపడే పూసిన చెట్టూ అవే రంగులు, కావాలని వేసుకోలేదని కథకురాలు అంటది. విందుకు వచ్చిన మిస్ ఫుల్టన్ వెండి రంగులో మెరుస్తది. తనకూ ఆమెకూ మధ్య ఏదో ఉన్నదని బెర్తా మురిసిపోతది. ఉన్నది నిజమే, అది ఫుల్టన్‌కు, బెర్తా మొగుడికి మధ్య. ఇక్కడ బెర్తా బట్టను చూసి నవ్వేటోళ్ళు ఎవరూ లేరు. ఆమెకు సరిగ్గ చెప్పే కన్ను ఒక్కటీ ఆ ఇంట్ల లేదు, అదే ఆమె గతి.

'లైఫ్ ఆఫ్ మా పార్కర్' చదవాలంటే గుండె గట్టి చేసుకోవాలె. ఇండ్లల్ల పనిచేసే ముసలమ్మ, ముందురోజే మనవడిని పాతిపెట్టి పనికొస్తది. పాత జాకెట్టు విప్పి తలుపు వెనుక తగిలిస్తది, ఏప్రాన్ కట్టుకుంటది. పదముగ్గురిని కన్నది, ఏడుగురిని మట్టిల కలిపింది. ఇంటాయన రాతలు రాసే పెద్దమనిషి, అడిగేది డబ్బాల మిగిలిన చెంచాడు కోకో సంగతి. ఆమెను కండ్లెత్తి చూసేటోళ్ళు లేరు కాబట్టి ఏడవడానికి జాగ కూడా దొరకదు, ఇంతల వాన మొదలైతది.

'ది డాటర్స్ ఆఫ్ ది లేట్ కర్నల్' మాత్రం నవ్విస్తది. తండ్రి పోయిన అక్కచెల్లెండ్లు రాత్రిపూట వేసుకునే గౌన్లకు కూడా నల్లరంగు వేయించాల్నా అని పండుకొని చర్చ పెడ్తరు. తండ్రి అల్మారా తెరవాలంటే వణుకు, ఆయన అందులనే ఉన్నట్టు. నవ్వుకుంట పోతే చివరి రెండు పేజీలు గొంతుకు అడ్డం పడ్తయి.

నచ్చనిదీ ఒకటి చెప్పాలె. 'ఎ కప్ ఆఫ్ టీ'ని ఇంటర్ సిలబస్ కోసం రాసినట్టే ఉన్నది. డబ్బున్నామె బీద పిల్లను ఇంటికి తెచ్చి, మొగుడు ఆ పిల్ల అందగత్తె అనంగనే మూడు నోట్లిచ్చి పంపిస్తది. చివర ముడేసి దారం తెంపినట్టు కథ ముగుస్తది, మనం చేయడానికి ఏమీ మిగలదు. ఈమె కథలో ఆ ముడి ఉండొద్దు.

ఎడిషన్ గురించి. కథలను రాసిన వరుసలో పెట్టిన్రు, అదే పెద్ద తప్పు. మొదట వచ్చేవి 1911 నాటి 'ఇన్ ఎ జర్మన్ పెన్షన్'లోనివి (పెన్షన్ అంటే ఆడ తిండి, బస ఇచ్చే ఇల్లు), జర్మన్ల తిండి మీద, మాటల మీద ఎగతాళి. తనకే అవి పచ్చిగ అనిపించి మళ్ళ అచ్చు వేయనియ్యలేదు ఈమె. కొత్తోళ్ళు ఆడనుంచి మొదలుపెడితే పుస్తకం మూసేస్తరు. 'ది డాల్స్ హౌస్' ముందు చదివి, 'మిస్ బ్రిల్', 'కర్నల్ బిడ్డలు', ఆ తర్వాత మీ ఇష్టం. ముందుమాట ఒకటిన్నర పేజీ, అందులో సగం భర్త మర్రీ గురించే. అక్షరం చిన్నది. జిగురు బైండింగు రెండోసారి తెరవంగనే విడిపోయింది, నేను లావు సూది, జీన్స్ కుట్టే దారం పెట్టి కుట్టుకున్న. అందరికీ అది కుదరదు. అన్నిటికంటె పెద్ద లోటు, పొడుగున్నదనో ఏమో 'ప్రెల్యూడ్' తీసేసిన్రు. బర్నెల్ వాళ్ళు, కెజియా మొదలు కనపడేది ఆ కథలోనే. అది ఉన్న ఎడిషన్ దొరికితే ఇంకో వంద ఎక్కువైనా అదే కొనుండ్రి.