జార్, ఇంపెరేటర్: రష్యా ఏలికకు ఏ బిరుదు మేలు?

1547 జనవరి 16న మాస్కో క్రెమ్లిన్‌లో పదహారేళ్ల నాలుగవ ఇవాన్‌కు (‘ఇవాన్ ది టెరిబుల్’) కిరీటం పెట్టారు. అతని పెద్దల బిరుదు ‘మహా క్న్యాజ్’ (క్న్యాజ్ అంటే ఒక సంస్థానపు ఏలిక) వెనక్కి జరిగి, ‘జార్’ ముందుకు వచ్చింది. క్న్యాజులు రష్యాలో ఎందరో ఉండేవారు. మహా క్న్యాజ్ వారిలో పెద్దవాడు, అంతే.

జార్ సంగతి వేరు. రోమన్ ‘సీజర్’ పేరే స్లావుల నోట అరిగి జార్ అయింది. (విక్టోరియా రాణి మన దేశం మీద పెట్టుకున్న ‘కైసర్-ఎ-హింద్’లోనూ ఉన్నది ఈ సీజరే.) రష్యన్లు ఆ మాటను కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తికీ, బైబిల్లోని దావీదు, సొలొమోనులకూ, తమ చేత కప్పం కట్టించుకున్న తాతారు ఖాన్‌కూ వాడేవారు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమైంది. ఖాన్‌ల బలమూ సన్నగిల్లింది. దిక్కులేకుండా పడి ఉన్న బిరుదును ఇవాన్ అందుకున్నాడు. తాతారు ఖాన్‌ల రాజ్యాలైన కజాన్‌ను 1552లో, ఆస్త్రఖాన్‌ను 1556లో గెలిచి ఆ రెండింటికీ తానే జార్‌నని చాటుకున్నాడు. దైవానుగ్రహమూ, ఖాన్ అధికారమూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి.

చిక్కల్లా సరిహద్దు దాటాకే. జార్ అంటే రాజా, చక్రవర్తా? పడమటి దర్బారులు తమకు అనువైన అర్థం చెప్పుకునేవి. స్వీడన్‌తో సుదీర్ఘ యుద్ధం ముగిశాక, 1721 అక్టోబరు 22న (పాత పంచాంగం) రష్యా సెనేట్ జార్ పీటర్‌కు (‘పీటర్ ది గ్రేట్’) లాటిన్ బిరుదు ‘ఇంపెరేటర్’ (చక్రవర్తి) సమర్పించింది. అంతకుముందే, 1718లో, ఆయన ఒక పాత లేఖను అచ్చు వేయించాడు. 1514 నాటి ఆ లేఖలో పవిత్ర రోమన్ చక్రవర్తి మాక్సిమిలియన్ మాస్కో ఏలిక వసీలీని ‘కైజర్’ (సీజర్‌కు జర్మన్ రూపం) అన్నాడు. అంటే, సీజర్‌ను వదిలి వెళ్లడానికి సీజర్‌నే సాక్ష్యం తెచ్చుకున్నాడన్నమాట! ప్రష్యా, నెదర్లాండ్స్ కొత్త బిరుదును వెంటనే ఒప్పుకున్నాయి. ఆస్ట్రియా 1742 దాకా, పోలండ్ 1764 దాకా ఆగాయి.

దౌత్యానికి ఇంపెరేటరే మేలు, అందులో వాదన లేదు. నా మొగ్గు మాత్రం జార్ వైపే. పీటర్ వారసుల పూర్తి బిరుదావళిలో ‘కజాన్ జార్, సైబీరియా జార్’ చివరిదాకా నిలిచాయి. 1815 తర్వాత ‘పోలండ్ జార్’ కూడా చేరింది. రైతులకు చివరి చక్రవర్తి రెండవ నికొలాయ్ సైతం ‘జార్ బాత్యుష్కా’, అంటే తండ్రి జారే.

రాసేటప్పుడు మాత్రం కాలం చూసుకోవాలి. ఇవాన్‌ను ఇంపెరేటర్ అనడం తప్పు. పీటర్ తర్వాతి కాలపు రెండవ కేథరీన్‌ను సామ్రాజ్ఞి అనడమే సరి. ‘జారినా’ పడమటి భాషల్లో తయారైన మాట; రష్యన్లు ‘జారిత్సా’ అంటారు.