కొత్తపట్నం ఉప్పుగాలిలో వేరియబుల్ కెపాసిటర్లు: దీర్ఘకాల వాడకం తరువాత

కొత్తపట్నం తీరానికి దగ్గరలోని మా ఇంట్లో, రెండు 813 వాల్వులతో నేను కట్టుకున్న హ్యామ్ రేడియో యాంప్లిఫైయర్‌లో ప్లేట్ (వాల్వు అవుట్‌పుట్ ఎలక్ట్రోడ్) వైపు ట్యూనింగ్‌కు మొదట గాలి వేరియబుల్ కెపాసిటర్‌ను (తిప్పి విలువ మార్చుకునేది, పలకల మధ్య గాలి ఉండేది), తరువాత రష్యా తయారీ వాక్యూమ్ వేరియబుల్‌ను (పలకలు శూన్యంలో ఉండే రకం) ఏళ్ల తరబడి వాడాను. కొనేవారు సాధారణంగా గరిష్ఠ కెపాసిటెన్స్ విలువ ఎంత అని అడుగుతారు గాని, నా దృష్టిలో ముందు చూడవలసింది కనిష్ఠ విలువ.

2000 వోల్టులు, 350 మిల్లీయాంపియర్ల దగ్గర ప్లేట్ లోడ్ (వాల్వుకు కనబడవలసిన నిరోధం) సుమారు 3600 ఓములు ఉంటుంది. వాల్వులకూ యాంటెన్నాకూ మధ్య ఉండే π (పై) నెట్‌వర్క్‌లో, అంటే కాయిల్‌కు రెండు చివర్లా ఒక్కో కెపాసిటర్ ఉండే సర్క్యూట్‌లో, క్యూ (Q: లోపల తిరుగాడే శక్తికి, బయటికి వెళ్లే శక్తికి నిష్పత్తి) 12 అనుకుంటే ప్లేట్ వైపు కెపాసిటెన్స్ 3.6 మెగాహెర్ట్జ్ వద్ద దాదాపు 146 పికోఫారడ్లు, 14.2 వద్ద 37 మాత్రమే కావాలి. ఒక్కో 813 తనంతట తానే 14 పికోఫారడ్లు కలుపుతుంది కనుక, 14.2 దగ్గర కెపాసిటర్‌కు మిగిలే వాటా 9 మాత్రమే. నా గాలి కెపాసిటర్‌ను పూర్తిగా తెరిచినా 25 కంటే తగ్గేది కాదు. ఫలితంగా క్యూ పెరిగి, కాయిల్ వేడెక్కి, శక్తి వృథా అయ్యేది. వాక్యూమ్ రకం 5 వరకు దిగుతుంది. 28 మెగాహెర్ట్జ్‌కు వాల్వుల కెపాసిటెన్సే ఎక్కువవుతుంది గనుక ఆ బ్యాండును ఈ యాంప్లిఫైయర్‌తో నేను ఆశించను.

పొడి గాలిలో పలకల మధ్య మిల్లీమీటరు సందు సుమారు 3000 వోల్టులను ఆపుతుందని లెక్క. అయితే ఈశాన్య రుతుపవనాల నెలల్లో పింగాణీ ఇన్సులేటర్లపై పేరుకున్న ఉప్పు తేమను పీల్చుకోవడంతో, 1.5 మిల్లీమీటర్ల సందు ఉన్నదానిలోనూ స్పార్కులు వచ్చేవి. అంతకంటే విసిగించినది రోటర్‌ను (తిరిగే పలకల ఇరుసును) తాకే స్ప్రింగ్ కాంటాక్టు: దాని గుండా నాలుగు ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది, చిలుము పడితే వేడెక్కుతుంది, ట్యూనింగ్ పక్కకు తప్పుతుంది. వాక్యూమ్ రకంలో కరెంటు బెలోస్ (ముడతల లోహపు గొట్టం) గుండా వెళ్తుంది గనుక ఈ బెడద లేదు. కాకపోతే పాతవి కొనేటప్పుడు పెద్ద రెసిస్టర్ ద్వారా హైవోల్టేజీ ఇచ్చి లీకేజీ చూడాలి. తిప్పవలసిన చుట్లు చాలా ఎక్కువ కనుక చుట్లు లెక్కపెట్టే డయల్ కూడా తప్పనిసరి.

యాంటెన్నా వైపు కెపాసిటర్‌కు మాత్రం అంత ఖర్చు అనవసరం. జనరల్ గ్రేడ్ లైసెన్సు అనుమతించే 400 వాట్లకు 50 ఓముల మీద పీక్ 200 వోల్టులే; కావలసింది 3.6 మెగాహెర్ట్జ్ వద్ద 900 పికోఫారడ్ల లోపు. పాత వాల్వు రేడియోలోని మూడు సెక్షన్ల గ్యాంగ్ కండెన్సర్‌ను సమాంతరంగా కలిపితే చాలు, యాంటెన్నా ఊడిపోయిన స్థితిలో మాత్రం పూర్తి శక్తి ఇవ్వకూడదు.